స్కాట్లండు పూర్వవేషాభినయము: ప్రమాణవిచారము

శబ్దముయొక్క సాధుత్వమును నిర్ణయించుటకుఁ బ్రయోగము ముఖ్యాధారమని వైయాకరణు లందఱు నంగీకరించినదే. సూత్రములచే నొక రూపమును సాధింపఁగలిగినంతమాత్రమున నది శిష్టులచేఁ బ్రయుక్తమైనదని చెప్పుట చెల్లదు. ఈ నియమము శబ్దమునకే కాక వస్త్రమునకును, ఆయుధమునకును, గృహమునకును గూడ వర్తించునా యను ప్రశ్నము నాకుఁ గొంతకాలము క్రిందట నొక పూర్వశిష్యునివలనఁ గలిగినది. ఆతఁడు నాయొద్ద వ్యాకరణము కొంత చదివి, పిదప నుద్యోగార్థమై స్కాట్లండునకుఁ బోయి, యెడింబరో నగరమున నివసించుచున్నాఁడు. ఆతఁ డొక ఛాయాపటమును నాకుఁ బంపెను. అందొక పురుషుఁడు గళ్లబట్టను గుచ్చెళ్లుగా నడుమునకుఁ గట్టి, మొగమునకు నీలిరంగు పూసికొని, ముడులు ముడులుగా నల్లిన చిత్రము గల తోలుకవచమును రొమ్మున ధరించి, నిలువెత్తు ఖడ్గమును భుజముపై మోయుచు నిలిచియున్నాఁడు. "ప్రాచీన కెల్టువీరుని రూపము కన్నులకుఁ గట్టినట్లున్నది" అని నేను సంతోషించి వ్రాసితిని. దానికి వచ్చిన ప్రత్యుత్తర మిది: "గురువుగారికి నమస్కారములు. ఈ యొక్క మనుష్యునియందు నాలుగు కాలములు కలసియున్నవి. ప్రయోగము లేని రూపమును మీరు మా వ్రాఁతలో నొక్కనాఁడును క్షమింపలేదు. దీని నెట్లు క్షమించితిరి?" ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటలో నాకుఁ దెలిసివచ్చిన విషయముల నీ వ్యాసమున వివరించుచున్నాను.

పూర్వకాలపు మనుష్యుల వేషమును ధరించి, వారి యాయుధములను బట్టి, వారి వంటను వండి, వారి యిండ్లవంటి యిండ్లలో మెలఁగి, చూడవచ్చినవారికిఁ బూర్వచరిత్రమును బ్రత్యక్షముగాఁ జూపు నాచారము పాశ్చాత్యదేశములయందు విరివిగాఁ గలదు. యుద్ధములను మరల నభినయించుట యందొక భాగము. ఉన్ని వడకుట, ఇనుము కాఁచుట, రొట్టెలు కాల్చుట మొదలగు నిత్యకృత్యములను జేసి చూపుట వేఱొక భాగము. దీనికి సజీవచరిత్రమని పేరు. ఈ రెంటినిఁ గలిపి యిందుఁ బూర్వవేషాభినయ మని వ్యవహరించెదను. స్కాట్లండున నీ యభిరుచి క్రొత్తది కాదు. 1839 వ సంవత్సరము ఆగస్టు నెలలో ఎగ్లింటను ప్రభువు ఎయిర్‌షైరు మండలమునఁ దన కోటయొద్ద మధ్యయుగపు అశ్వికుల ద్వంద్వయుద్ధోత్సవమును మిక్కిలి వ్యయముతో నడపించెను. వేలకొలఁది జనులు చూడఁబోయిరి. కుంభవృష్టి కురిసి యుత్సవము బురదపాలయ్యెను. ఇంగ్లండునఁ బదునేడవ శతాబ్దపు అంతర్యుద్ధము నభినయించు ‘సీల్డ్ నాట్’ అను సమాజము 1968 లో స్థాపితమైనది. ఇప్పు డట్టి సమాజము లనేకములు గలవు.

నాటకమునకును దీనికిని గల భేద మిక్కడ గ్రహింపవలసియున్నది. నాటకమున ఆహార్యము రసపోషకము. రాముఁడు మకమలుపట్టు ధరించి రంగమున నిలిచినను, త్రేతాయుగమున మకమలుండెనని యెవ్వఁడును భ్రమపడఁడు. పూర్వవేషాభినయమున నట్లు కాదు. వేషధారి మాటాడకున్నను, ఆతని వస్త్రమే "అప్పుడిట్లుండెను" అని చెప్పుచున్నది. అనఁగా నచ్చటి ప్రతివస్తువు నొక వాక్యమునకు సమానము. వాక్యమైనయెడల సత్యమో యసత్యమో కాక తప్పదు. గ్రంథమున వ్రాసిన తప్పును బదిమంది పండితులు చదివి ఖండింపవచ్చును. కన్నులఁ జూచిన తప్పు వేలమంది బాలుర మనస్సులలో నాటుకొని ఖండింప నలవికాక నిలుచును. కావున నిందుఁ బ్రమాణవిచార మావశ్యకము.

మొదట నామవిచారము. ‘కెల్టులు’ అను పేరు క్రీస్తునకుఁ బూర్వ మయిదవ శతాబ్దమున హెరడోటసు అను యవనచరిత్రకారుని గ్రంథమునఁ గలదు. తరువాత సీజరు గాలుదేశస్థులలో నొక భాగమువారు తమ్ముఁ దాము కెల్టులని చెప్పుకొందురని వ్రాసెను. కాని బ్రిటనుద్వీపమున నుండువారిని కెల్టులని ప్రాచీనగ్రంథకర్త లెవ్వరును బేర్కొనలేదు. 1582 లో జార్జి బుకానను తన స్కాట్లండు చరిత్రమున నక్కడి ప్రాచీనులకును గాలుదేశపు కెల్టులకును సంబంధమును బ్రతిపాదించెను. 1707 లో ఎడ్వర్డ్ లాయిడ్ ఐరిష్, వెల్ష్, కార్నిష్, బ్రెటన్ భాషలను సరిపోల్చి వాని బాంధవ్యమును జూపెను. ఆ పిదపనే యా భాషాకుటుంబమునకు ‘కెల్టిక్’ అను పేరు స్థిరపడినది. స్కాట్లండు గేలిక్కును ఈ కుటుంబములోనిదే. సంస్కృతజ్ఞుల కిందొక చమత్కారము గలదు. మన ‘చత్వారః’ అను సంఖ్యకు సగోత్రమైన శబ్దము గేలిక్కున ‘కెహిర్’ అనియు, వెల్షున ‘పెద్వర్’ అనియు నున్నది. మూలభాషలోని యొక్క వర్ణమే యొకచోఁ గకారముగాను మఱియొకచోఁ బకారముగాను మాఱినది. ‘కొడుకు’ అను నర్థమున గేలిక్కునఁ గకారాంతమగు ‘మక్’ అనియు, వెల్షునఁ బవర్గాక్షరముతో ముగియు ‘మాబ్’ అనియు నుండుటయు నీ క్రమముననే.

ఈ విధముగా ‘కెల్టిక్’ అనునది ముఖ్యముగా భాషావాచకము. భాషాకుటుంబమును బట్టి వేషమును నిర్ణయించుట యెట్టిదనఁగా, తెలుఁగును బ్రాహుయియు ద్రావిడభాషలే కావున గోదావరీతీరవాసియు బలూచిస్థానవాసియు నొక్క తలపాగయే చుట్టుదురని చెప్పుటవంటిది. ‘కెల్టువేషము’ అని యొక వేషము లేదు. ఏ దేశమున, ఏ శతాబ్దమున, ఏ వృత్తివానిదని యడిగినప్పుడే ప్రశ్నము ప్రశ్న మగును.

ఒక్క పదమే భిన్నవస్తువులకుఁ జెల్లుటవలనఁ గలుగు భ్రమ మఱియొకటి. ‘క్లేమోర్’ అనఁగా గేలిక్కున ‘పెద్దకత్తి’ యని యర్థము. పదునైదు, పదునాఱవ శతాబ్దములలో రెండుచేతులఁ బట్టి త్రిప్పు నిలువెత్తు ఖడ్గమునకును, పదునెనిమిదవ శతాబ్దమున బుట్టవంటి పిడి గల యొంటిచేతి ఖడ్గమునకును నీ పేరే వాడఁబడినది. పదునెనిమిదవ శతాబ్దపు గ్రంథమున ‘క్లేమోర్’ అను మాటఁ జూచి నిలువెత్తు ఖడ్గమును మోయువాఁడు సైంధవశబ్దమునకు లవణ మర్థము కావలసినచోట గుఱ్ఱమును దెచ్చినవానివంటివాఁడు.

ఇఁకఁ బ్రమాణములు. ఇవి మూఁడు తెఱఁగులు: నేలలో దొరకిన వస్తువులు, శిలలపైనఁ జిత్రములయందుఁ గనఁబడు రూపములు, గ్రంథస్థవచనములు.

మొదటి తెఱఁగునకు నుదాహరణము ఫాల్కర్కు బట్ట. 1933 లో ఫాల్కర్కు పట్టణమున రోమనుల వెండినాణెములు గల పాత్ర యొకటి దొరకెను. దానితోఁ గూడ నొక చిన్న ఉన్నిగుడ్డ తునుక యుండెను. అది క్రీ.శ. మూఁడవ శతాబ్దమునాఁటిది, రంగు వేయని తెల్లయున్నిని, కపిలవర్ణపుటున్నినిఁ బడుగునఁ బేకనుఁ గలిపి గళ్లుగా నేసినది. మఱియొకటి గ్లెన్ ఆఫ్రిక్ అనుచోట ఊబినేలలో 1980 తరువాతఁ గొలఁదికాలమునకే దొరకిన తునుక. దీనిని రంగుల పరీక్షచేతను, కర్బనపరీక్షచేతను శోధించి, సుమారు 1500, 1600 సంవత్సరముల నడిమిదని 2023 లో వెల్లడించి, డండీ నగరపు ప్రదర్శనశాలలో నుంచిరి. అందుఁ గృత్రిమవర్ణము లెవ్వియు లేవు. ఆకుపచ్చవన్నెకు నీలినో, నీలివంటి దేశీయమగు మొక్కనో వాడిరి. 1951 లో షెట్లండు ద్వీపమున గన్నిస్టరు అనుచోఁ బీటునేలలోఁ బురుషుఁ డొకఁడు నిండువస్త్రములతో బయల్పడెను. అతని సంచిలోని నాణెములలోఁ గడపటిది 1690 నాఁటిది. టోపీ, చేజోళ్లు, మేజోళ్లు, అంగీ యన్నియుఁ జెడక నిలిచినవి.

ఈ ప్రత్యక్షప్రమాణముల హద్దును గూడ నెఱుఁగవలెను. ఫాల్కర్కు తునుక గళ్లనేఁత యుండెనని సిద్ధాంతము చేయును. కుచ్చెళ్ల కిల్టు ఉండెనని చెప్పదు. ఆ గళ్లు ఫలానవంశపు గుఱుతని యంతకంటెను జెప్పదు. గన్నిస్టరు పురుషుఁడు షెట్లండువాఁడు. అతని వేషమును హైలండ్సను ఉత్తరపర్వతప్రాంతపువాని కాపాదింపరాదు. హేతువు పక్షమున లేనిచో సాధ్యము సిద్ధింపదని తార్కికులు చెప్పుట యిందులకే.

రెండవతెఱఁగున భ్రమ కవకాశము మిక్కుటము. స్కాట్లండు పశ్చిమతీరమున, అయోనా ద్వీపమునను బరిసరములందును, పదునాలుగు మొదలు పదునాఱవ శతాబ్దమువఱకుఁ జెక్కిన సమాధిశిలలు పెక్కు గలవు. వానిపైఁ జెక్కిన వీరులు మోఁకాళ్లవఱకు వ్రేలాడునదియు, నిలువుగీఱలు గలదియు నగు నంగీని ధరించియుందురు. దీనినిఁ జూచి, యవి కుచ్చెళ్లనియు, కిల్టు మధ్యయుగమునుండియుఁ గలదనియుఁ గొంద ఱనుకొనిరి. అది రజ్జుసర్పభ్రాంతి. ఆ గీఱలు కుచ్చెళ్లు కావు, కుట్లు. రెండుపొరల గుడ్డ నడుమ దూది మొదలగువానిఁ గూర్చి మన బొంతవలె నిలువునఁ గుట్టిన యుద్ధాంగి యది. ఖడ్గప్రహారమును దట్టుకొనుటకై దానిని ధరించెడివారు.

మూఁడవది శబ్దప్రమాణము. గళ్లబట్టను నడుమునఁ బట్టెతో బిగించి కట్టుటను గూర్చిన మొదటి స్పష్టమైన వర్ణనము స్కాట్లండు గ్రంథమున గాక ఐర్లండు గ్రంథమున నుండుట వింత. హ్యూ ఓడొన్నెల్ అను ఐరిష్ ప్రభువునకు సాయముగా 1594 లో హెబ్రిడీసు ద్వీపములనుండి వచ్చిన భటులను వర్ణించుచు, ఆ ప్రభువు చరిత్రమును రచించిన లూయీ ఓక్లేరీ, వారు రంగురంగుల దుప్పట్లపై నడికట్లు ధరించిరనియు, వేషమును బట్టియే ఐరిష్ భటులనుండి వేఱుగా గుర్తింపఁబడిరనియుఁ జెప్పెను. 1703 లో మార్టిన్ మార్టిన్ పశ్చిమద్వీపముల వర్ణనగ్రంథమును బ్రకటించెను. ఆతఁడు గేలిక్కు మాతృభాషగాఁ గలవాఁడు, ఆ ద్వీపములలోఁ బుట్టినవాఁడు. కనుక నాతని వాక్య మాప్తవాక్యము. పూర్వము కుంకుమపువ్వు వన్నె యంగీని ధరించెడివారనియు, అది తన కాలమునకు సుమారు నూఱేండ్లకు ముందే మానిరనియు నాతఁడు చెప్పుచున్నాఁడు. మఱియు నొక్కొక్క ద్వీపమువా రొక్కొక్కరీతి గళ్లు నేయుదురు గనుక, బట్టను జూచి మనుష్యుని నివాసమును జెప్పవచ్చునట. చదువరులు గమనింపవలె: నివాసమును జెప్పవచ్చు నన్నాఁడు గాని వంశమును జెప్పవచ్చు ననలేదు.

ఈ మూఁడు ప్రమాణములను గూర్పఁగా వేషచరిత్రము కొంతవఱకుఁ దేలుచున్నది. పదునాఱవ శతాబ్దాంతమునుండి ధరించిన పెద్దకిల్టు కుట్టని గుడ్డ. మగ్గపు వెడల్పు చాలదు గనుక రెండుపాళ్లు కలిపి కుట్టి, నాలుగైదుగజముల నిడివి గలదానిఁ గుచ్చెళ్లు పోసి, నడికట్టుతో బిగించి, మిగిలిన పైభాగమును భుజముపై వైచుకొందురు. పంచెయు నుత్తరీయము నెఱిఁగిన మనకుఁ గుట్టని వస్త్రముయొక్క సౌకర్యమును వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. పగలు దుస్తు, రాత్రి కంబళి. పైభాగమును విడిచి క్రిందిభాగమును మాత్రము ధరించు చిన్నకిల్టు పదునెనిమిదవ శతాబ్దమునఁ బ్రచారమునకు వచ్చెను. దీనిని 1727 ప్రాంతమున గ్లెన్‌గారీలో నినుపకొలుములు నడపిన థామస్ రాలిన్సన్ అను ఇంగ్లీషువాఁడు కల్పించెనని 1785 లో నచ్చుపడిన యొక లేఖవలనఁ బ్రసిద్ధి కలిగినది. ఆతనికి ముందే యట్టి కట్టు కలదని వాదించువారును గలరు. కుచ్చెళ్లను శాశ్వతముగాఁ గుట్టివేయుట యా శతాబ్దాంతమునఁ బుట్టినది. ‘కిల్టు’ అను పదమే గేలిక్కు కాదు; ‘ఎగఁగట్టు’ అను నర్థము గల స్కాండినేవియా ధాతువునుండి వచ్చినది.

1746 ఏప్రిలు 16 న కల్లోడెను యుద్ధమున స్టూవర్టుపక్షమువారగు జాకొబైటులు పరాజితులైరి. ఆ సంవత్సరపు శాసనముచే హైలండు వేషము పురుషులకును బాలురకును నిషేధింపఁబడెను. మొదటితప్పునకు నాఱుమాసముల చెఱ. రెండవతప్పునకు నేడేండ్లు ద్వీపాంతరవాసము. రాజసైన్యమునఁ జేరినవారికి మాత్రము నిషేధము లేదు. 1782 లో నా శాసనము రద్దయ్యెను. ఒక తరము గడచినతరువాత వస్త్రము మరల వచ్చినది గాని, దానిని గూర్చిన జ్ఞాపకము పూర్ణముగా రాలేదు. ఆ శూన్యస్థలముననే కల్పన ప్రవేశించినది.

1815 లో లండనునందలి హైలండు సమాజమువారు వంశనాయకులను దమతమ గళ్లబట్టల మాదిరులఁ బంపుఁడని కోరిరి. తమ వంశపు గళ్లెవ్వియో తమకే తెలియని నాయకు లనేకు లుండిరి. బానక్‌బర్నునందలి విల్సను అను నేఁతవర్తకుల 1819 నాఁటి మాదిరిపుస్తకము నేఁటికిని బ్రసిద్ధము. మొదట సంఖ్యచేత వ్యవహరింపఁబడిన గళ్లు కొన్ని పిదప వంశనామములను ధరించినవి. 1822 లో నాల్గవ జార్జి ఎడింబరోకు వచ్చినప్పుడు, సర్ వాల్టర్ స్కాట్టు సంవిధానమునఁ బ్రభువులెల్ల గళ్లబట్టలతో నగుపడిరి. రాజును దానినే ధరించెను. 1842 లో సొబియెస్కీ స్టూవర్టు సోదరులని చెప్పుకొన్న యిరువురు ‘వెస్టియేరియం స్కోటికం’ అను గ్రంథమును బ్రకటించిరి. అందు 75 గళ్ల క్రమములు వంశనామములతో వర్ణింపఁబడినవి. దీని మూలప్రతి 1571 లో నొక బిషప్పుయొద్ద నుండెనని వారు చెప్పిరి. ఆ మూలప్రతిని విమర్శకు లెవ్వరును జూడలేదు. 1829 లోనే స్కాట్టు దానిని శంకించెను. నేఁటి పండితులు దానిని గూటగ్రంథముగా నిర్ణయించిరి. ఐనను నందలి గళ్లు కొన్ని నేఁటికిని గొన్ని వంశములవారు గౌరవముతో ధరించుచున్నారు.

మఱి 1746 లో నెట్లుండెను? ఆ సంవత్సరపు కలహమును డేవిడ్ మోరియే యను చిత్రకారుఁడు చిత్రించెను. అందలి హైలండు వీరులలో నొక్కొక్కఁడు రెండుమూఁడువిధముల గళ్లను గలిపి ధరించియున్నాఁడు. స్వపక్షమువానిని గుర్తుపట్టుటకు టోపీమీఁది తెల్లరిబ్బను ముడియే చిహ్నము గాని గళ్లు కావు. హైలండ్సుకుఁ జెందనివారు సైతము జాకొబైటుసేనలో నా వేషమును సేనాచిహ్నముగా ధరించిరి. అందఱును ఖడ్గములతోనే పోరిరను ప్రసిద్ధియు నిట్టిదే. యుద్ధానంతరము విజేతలు రణరంగమునఁ బోగుచేసిన లెక్కలో తుపాకులు 2,320, ఖడ్గములు 190. మఱియు నది స్కాట్లండువారికిని ఇంగ్లండువారికిని జరిగిన యుద్ధమనుటయుఁ జెల్లదు. రాజసైన్యమున స్కాట్లండు పటాలములును, క్యాంబెల్ వంశపు భటులును నుండిరి. తుపాకుల నన్నిటిని ఖడ్గములుగా మార్చి, ఒకపక్షమున గళ్లబట్టలను మాత్రమును, రెండవపక్షమున నెఱ్ఱకోటులను మాత్రమును నిలిపినయెడల, రాజవంశముల కలహము జాతివైరముగాఁ గనఁబడును. వేషమునందలి దోషము చరిత్రార్థమును మార్చుట యిట్టిది.

ఇప్పుడు నా శిష్యుఁడు పంపిన ఛాయాపటమునకు వత్తము. బ్రిటనులు శరీరమునకు నీలిరంగు పూయుదురని సీజరు వ్రాసినది క్రీస్తునకుఁ బూర్వము మొదటిశతాబ్దమున. ముడులల్లిక చిత్రములు క్రీ.శ. ఏడు, ఎనిమిదవ శతాబ్దములలో మఠములయందలి లిఖితగ్రంథములను, శిలలను నలంకరించినవి. అంతకుఁ బూర్వపు ఇనుపయుగపు కెల్టిక్ కళలోఁ గనఁబడునది చుట్టలుచుట్టు వంపులే గాని యల్లిక కాదు. రెండుచేతుల ఖడ్గము పదునైదు, పదునాఱవ శతాబ్దములది. కుట్టిన కుచ్చెళ్ల చిన్నకిల్టు పదునెనిమిదవ శతాబ్దాంతమునది. నాలుగింటికిని వేఱువేఱుగాఁ బ్రయోగము గలదు. నాలుగు కూడిన చోటు లేదు. పదములన్నియు సాధువులే యైనను, ఒక పదమును నేఁడును, మఱియొకదానిని వేయేండ్లకుఁ బిదపను నుచ్చరించిన నది వాక్యము కాదు. ఆకాంక్షాయోగ్యతలతోఁ గూడ సన్నిధియుఁ గావలెను గదా. పూర్వవేషాభినయమునఁ గలుగు దోషములలో నధికభాగ మీ సన్నిధిలోపమే. 1995 లో వచ్చిన ‘బ్రేవ్‌హార్ట్’ అను చలనచిత్రమునఁ బదుమూఁడవ శతాబ్దపు విలియం వాలెసునకు సీజరునాఁటి నీలిరంగును, మూఁడువందలయేండ్ల తరువాతి గళ్లవస్త్రమును గూడఁ గూర్చిరి. 1297 లో స్టర్లింగు వంతెనయొద్ద జరిగిన యుద్ధమున వంతెనయే చూపరైరి. నేను మెచ్చిన రూపమున కాధారము శాసనమును శిల్పమును గాదు, ఆ చిత్రమే యని నాకు లజ్జతోఁ దెలిసినది.

ఇంతటితో నీ యభినయ మంతయు వ్యర్థమని తలంపరాదు. సక్రమముగాఁ జేసినయెడల నది స్వయముగాఁ బ్రమాణమునకుఁ దోడ్పడును. బాన్ఫ్‌షైరునందలి డెస్క్‌ఫర్డున 1816 ప్రాంతమున కంచుతోఁ జేసిన యడవిపందితల యొకటి దొరకెను. అది కార్నిక్స్ అను రణకాహళియొక్క ముఖము. గొట్టము లేదు. డెన్మార్కున 1891 లో దొరకిన గుండెస్ట్రుప్ వెండికొప్పెరపైఁ జెక్కిన కాహళిధారుల రూపమును జూచి, లోపించిన భాగముల నూహించి, జాన్ క్రీడ్ అను లోహశిల్పి దానిని మరల నిర్మించెను. 1993 లో జాన్ కెన్నీ యను వాద్యకారుఁడు దాని నూఁదెను. పందితల ప్రాచీనవస్తువును జూచి చేసినది. గొట్టము చిత్రమును బట్టి చేసినది. ఊఁదిన రాగము మాత్రము నేఁటివారి కల్పన. ఈ మూఁడింటి భేదమును జెప్పి వినిపించినచో దోషము లేశమును లేదు.

ఇండ్లవిషయమును నిట్టిదే. 1972 లో ఇంగ్లండున పీటర్ రేనాల్డ్సు బట్సరు అనుచోట ఇనుపయుగపు గుండ్రని యిండ్లను గట్టి, వానిలో నిప్పు రాఁజి పరీక్షించెను. కప్పునడుమఁ బొగ పోవుటకు రంధ్రముండియుండునని పూర్వు లూహించిరి. రంధ్రమున్నచో గాలియీడ్పు హెచ్చి రవ్వలు కప్పు నంటుననియు, రంధ్రము లేకున్నను బొగ గడ్డిలోనుండి మెల్లఁగా వెడలుననియు ననుభవమునఁ దేలెను. స్కాట్లండునందలి టే సరస్సున నోక్‌బ్యాంకు అనుచోట, నీటిపైఁ గట్టిన యినుపయుగపు ఇంటి శిథిలములు దొరకెను. వెన్న యంటియున్న కఱ్ఱపాత్రయు నందు దొరకెను. దాని ననుసరించి 1997 లోఁ దెఱచిన నమూనాగృహము 2021 జూనునెలలో నగ్నికిఁ దగులఁబడిపోయినది. నిర్వాహకులు చేతులు ముడుచుకొనక ఆ సరస్సుతీరముననే వేఱొకచోట 2024 లో నూతనస్థానమును దెఱచిరి.

పూర్వపక్షము: ప్రాచీనవస్త్రములు చాలవఱకు నశించినవి, పూర్ణసత్యము దుర్లభము, అట్టియెడఁ గల్పించినఁ దప్పేమి? సమాధానము: తాళపత్రప్రతిని బరిష్కరించువానికిని నీ కష్టమే కలదు. పురుగు తినినచోట నాతఁడు చుక్కలు పెట్టి ‘గ్రంథపాతము’ అని వ్రాయును. తనకుఁ దోఁచిన పాఠమును గుండలీకరణములో నుంచును. పూరించుట దోషము కాదు. పూరించితినని చెప్పకుండుట దోషము. వేషధారియు "ఇది నేలలో దొరకినది, ఇది చిత్రమునఁ జూచినది, ఇది గ్రంథమునఁ జదివినది, ఇది మే మూహించినది" అని నాలుగుమాటలు చెప్పిన నాతనిపని నెరవేఱినట్లే. మొక్కవోయిన కత్తియు, కంటియద్దములును నేఁటి యవసరములని చెప్పినఁ జాలును.

మఱియొక పూర్వపక్షము: వంశపు గళ్లను లక్షలకొలఁది జనులు భక్తితో ధరించుచున్నారు, అది ప్రాచీనము కాదనుట వారి హృదయమును నొప్పించుట కాదా? దీనికి మన శాస్త్రముననే సమాధానము గలదు. యోగార్థము వేఱు, రూఢ్యర్థము వేఱు. కుశలశబ్దమునకు దర్భలు కోయువాఁడని వ్యుత్పత్తి చెప్పినను, నేర్పరియను రూఢి కేమియు హాని లేదు. వంశపు గళ్లును రెండువందలయేండ్ల రూఢి. రూఢిగా నది సత్యము, పూజ్యము. పెండ్లికి ధరించుఁడు, శవయాత్రకు ధరించుఁడు, దోషము లేదు. 1297 లో నిలిచి ధరించినచోఁ గాదనవలెను.

తుదకు నా విషయము. అనేకసంవత్సరములక్రిందట మా పాఠశాలలో నన్నయభట్టు భారతారంభమును గూర్చి యొక నాటకము వ్రాసి బాలురచే నాడించితిని. బాలురకుఁ బూర్వచరిత్రమును గన్నులఁ గట్టునట్లు చూపుటయే నాటక ముద్దేశమని ప్రకటనపత్రమున వ్రాసితిని. రాజరాజనరేంద్రుని వంటశాలలో వంటవారు మిరపకాయలు దంచుట యొక రంగము; హాస్యమునకై పెట్టితిని. ఆటకు ముందొక బాలుఁడు "పండితులుగారూ, నన్నయనాఁటికి మిరపకాయ లున్నవాండీ?" అని యడిగెను. అధికప్రసంగ మని గద్దించి కూర్చుండఁబెట్టితిని. మిరప అమెరికాఖండపు మొక్క. బుడతకీచులు సముద్రమార్గమున మనదేశమునకు వచ్చినపిదపఁ గాని యిక్కడకు రాలేదు. నన్నయ దాని రుచి యెఱుఁగఁడు, మిరియముల రుచియే యెఱుఁగును. ఆ బాలుఁడే యిప్పు డెడింబరోనుండి ఛాయాపటమును బంపినవాఁడు. నాఁడు చెప్పవలసిన సమాధానమును నేఁడు వ్రాసి పంపితిని. ఆ నాటకమును మరల నాడించునపుడు రోట మిరియములు వేయించెదను. రోలు నాఁటి దిట్టిదే యని మాత్రము నిశ్చయించి చెప్పను. బాలు రిట్టి ప్రశ్నల నడిగినపుడు వారిని గద్దింపక, ప్రమాణమును దామును వెదకి వారిచే వెదకింతురని పాఠశాలాపండితులను బ్రార్థించుచున్నాను.